సీలు తియ్యని వెండి

మార్చి 3, మంగళవారం

కింద వాచీలు బాగుచేసే ముసలాయన షాపు ఖాళీ చేస్తున్నాట్ట. పొద్దున్నే నేను పళ్ళు తోముకుంటుంటే మా ఆవిడ బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడి చెప్పింది. పళ్ళు తోముకునేవాడు ఎదురు మాట్లాడలేడని ఆవిడకి తెలుసు. పెద్ద విషయాలన్నీ అప్పుడే చెబుతుంది.

ఓనరు ఈ నెల ఇరవై ఐదు దాకా ఆగుతానన్నాట్ట. అడ్వాన్సు మొత్తం ఒకేసారి కట్టాలట. లేకపోతే ఫోను కవర్లు అమ్మే కుర్రాడెవడో కాచుకుని ఉన్నాట్ట.

"మీ వెండి బయటికి తీసే రోజొచ్చిందండీ," అంది.

నోటి నిండా నురగ. తలూపాను.

ఇందులో నాకు బాధేం లేదు. కొన్నదే అందుకు. పన్నెండేళ్ళుగా ఆవిడ పడగ్గదిలో కిటికీ పక్కన మిషను పెట్టుకుని కుడుతోంది. వచ్చినవాళ్ళంతా మా మంచం మీదే కూర్చుంటారు. డ్యూటీ నుంచి వచ్చి చొక్కా విప్పుదామంటే ఎవరో ఒకావిడ పిల్లాడి యూనిఫారం జేబుల గురించి మాట్లాడుతూ ఉంటుంది. సొంత ఇంట్లో బాత్రూమ్‌లోకెళ్ళి బట్టలు మార్చుకునే మొగుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. మూడేళ్ళ కింద, నా జీతంలోంచి కొంత, ఆవిడ కుట్టు డబ్బుల్లోంచి కొంత తీసి నెలనెలా వెండి నాణేలు కొనడం మొదలుపెట్టినప్పుడు నేనే అన్నాను, "నీ షాపు ఈ ట్యూబుల్లో ఉందే" అని.

అమ్మేస్తాం. అంతే.

మార్చి 4

ధర పైకి పోతోంది. పోయేదాన్ని మధ్యలో ఆపి అమ్మేవాణ్ణి వెర్రివాడంటారు. రెండ్రోజులు చూస్తే కొంపలేం మునగవు.

మార్చి 5

ఇంకా పెరిగింది. నేను చెప్పలా?

బావమరిది ఆనాడు ఎంత ఎగతాళి చేశాడు! సిటీ బస్సు నడుపుతాడు వాడు. "బ్యాంకులో వేసుకోక ఈ బిళ్ళలేంటి బావా, పిల్లలాటలా" అన్నాడు. బ్యాంకులోది కాగితం మీద అంకె రా, ఇది లోహం, చేత్తో పట్టుకోవచ్చు అన్నాను. "ఏదీ, పట్టుకోనీ" అన్నాడు. సీలు తియ్యకూడదు, తీస్తే విలువ తగ్గుతుంది అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు. మా ఆవిడ కూడా నవ్వింది, అటు తిరిగి.

వాళ్ళకి చెప్పినా అర్థం కాదు. టంకశాల వాళ్ళు ఇరవై నాణేలు ప్లాస్టిక్ ట్యూబులో పెట్టి, మూత చుట్టూ పట్టీ అంటించి సీలు వేస్తారు. ఆ సీలు ఉన్నంతకాలం అది నాణెం, నాణెం ధర పలుకుతుంది. సీలు పోతే అనుమానం వస్తుంది, కరిగించే వెండి ధరకి అడుగుతారు. అందుకే నా నాలుగు ట్యూబులూ కొన్నవి కొన్నట్టే చలికోట్ల పెట్టె అడుగున ఉన్నాయి. నా నాణేల మొహం నేనే చూడలేదు. ప్లాస్టిక్‌లోంచి అంచులు కనిపిస్తాయి, చాలదూ?

మార్చి 7, శనివారం

ఇవాళ మాస్టారి బిల్డింగులో లిఫ్టు సర్వీసు. మాస్టారంటే రిటైరైన లెక్కల మాస్టారు, నన్ను ఈ వెండిలోకి దింపిన మహానుభావుడు. మెషిన్ రూమ్ దాకా మెట్లెక్కి వచ్చాడు, ఆయాసపడుతూ. ఏదో కొంప మునిగితే తప్ప ఆయన అంత పైకి ఎక్కడు.

"విన్నావుటోయ్? ఎవరో సీలున్న ట్యూబు విప్పితే పైన రెండు వెండివి, కింద రెండు వెండివిట. మధ్యవన్నీ ఇత్తడిట. వెండిపూత!"

"ఎక్కడ?"

"వెండి కొనేవాళ్ళ ఫోను గ్రూపులో పెట్టారు."

"మనవి తెల్లకోటు దగ్గర కొన్నవి కదా మాస్టారూ." తెల్లకోటంటే మా డీలరు. డాక్టరులాగా కోటు వేసుకుని, చేతులకి తొడుగులు తొడుక్కుని నాణేలు చూపిస్తాడు.

"ఆ మనిషి కూడా నమ్మకమైన చోటే కొనుంటాడుగా."

"మీవి విప్పి చూశారా?"

"విప్పితే సీలుకి వచ్చే పైధర, ఆ ప్రీమియం పోదుటోయ్?"

ఇద్దరం మోటారు వంక చూశాం. బ్రేకు లైనింగ్ అరిగింది, మార్చాలి.

మార్చి 8, ఆదివారం

నాకు అనుమానమేం లేదు. ఊరికే చూశాను.

లిఫ్టు తలుపు సెన్సారులోంచి తీసిన గట్టి అయస్కాంతం ట్యూబు పొడుగూతా రాశాను. అంటలేదు. వెండికి అయస్కాంతం అంటదు. ఇత్తడికీ అంటదని తర్వాత గుర్తొచ్చింది. మరి ఈ పరీక్ష ఎవడు కనిపెట్టాడో, వాడి తలకాయ.

చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. శబ్దం బాగానే ఉంది. బాగుండని శబ్దం ఎలా ఉంటుందో నాకు తెలిస్తే కదా.

ఆఖరికి వంటింటి తూకం మీద పెట్టాను. మూడు ఒకలాగా వచ్చాయి. నాలుగోది తక్కువ వచ్చింది. మళ్ళీ పెడితే ఎక్కువ వచ్చింది. తూకమే పాడైంది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఏంటండీ, చంటిపిల్లల్ని తూచినట్టు? బరువు పెరిగాయా?"

"చూస్తున్నా."

"ఎప్పుడమ్ముతున్నారు?"

"అమ్ముతా అన్నాగా!" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఆదివారం పూట మనిషిని ప్రశాంతంగా ఉండనివ్వరు.

మార్చి 10, మంగళవారం

ఒళ్ళు మండిపోతోంది. జరిగింది జరిగినట్టు రాసుకుంటే గానీ చల్లారేట్టు లేదు.

సెలవు పెట్టుకుని, నాలుగు ట్యూబులూ టిఫిన్ క్యారేజీ సంచీలో పెట్టుకుని తెల్లకోటు దగ్గరికి వెళ్ళాను. కూర్చోమన్నాడు. మంచినీళ్ళిచ్చాడు. ధర చూస్తే బ్రహ్మాండంగా ఉంది. అడ్వాన్సు పోను ఆవిడకి ఇంకో మిషను కూడా వస్తుంది. నేను లోపల్లోపల పొంగిపోతున్నాను. అప్పుడు తీశాడు బ్లేడు.

"ఏంటది?"

"సీలు కోసి చూడాలి సార్. ఈ మధ్య వస్తున్న వార్తలు మీరూ వినే ఉంటారు."

"నీ దగ్గర కొన్నవేనయ్యా. నీ రసీదులున్నాయి."

"సీలు టంకశాలది సార్, నాది కాదు. నేనూ లోపల చూసి అమ్మలేదు కదా. మీ ఎదురుగానే కోస్తాను, మీ ఎదురుగానే పరీక్ష చేస్తాను. బాగుంటే పూర్తి ధర, ఇక్కడికిక్కడే ఇచ్చేస్తాను."

"బాగోకపోతే?"

వాడు తొడుగు వేళ్ళతో ఒక ట్యూబు తీసి దీపం కింద పెట్టి, సీలు మీద బ్లేడు ఆనించాడు. నా చెయ్యి వెళ్ళి ట్యూబు మీద పడింది. నేను వేసినట్టు కూడా నాకు తెలీదు.

"వద్దులే. ఇంకోసారి వస్తా."

"అనుమానమా సార్?" అన్నాడు, నవ్వుతూ.

నాకా అనుమానం? నా సరుకు మీద అనుమానపడింది వాడు! సీలు కోశాక, "ఇది బాగోలేదు సార్, కరిగించే ధరకే తీసుకుంటా" అంటే నేనెవరికి చెప్పుకోవాలి? కోసిన సీలు మళ్ళీ అతుక్కుంటుందా? నేను ముందుచూపున్న మనిషిని. అంతే తప్ప భయమేం కాదు.

ఇంటికొస్తే మా ఆవిడ మెట్ల దగ్గరే ఎదురొచ్చింది. మెళ్ళో టేపు, చేతిలో కత్తెర. "అయిందా?"

"ధర పడిపోయింది," అన్నాను.

"అయ్యో. బాగా పడిందా?"

"బాగా. ఓ పది రోజులాగితే లేస్తుంది."

"పోనీలెండి, ఇంకా టైముందిగా," అని క్యారేజీ సంచీ నా చేతిలోంచి అందుకుంది. బరువుకి చెయ్యి కిందికి జారింది.

మార్చి 11

ధర ఇంకా పెరిగింది. వెధవ ధర.

మార్చి 13, శుక్రవారం

ఇంకో షాపుకి వెళ్ళాను. పెద్దది. గుమ్మం దగ్గర కాపలావాడు, లోపల చలి. కౌంటరులో చిన్నమ్మాయి నవ్వుతూ, "సీలు కట్ చెయ్యాలి అంకుల్" అంది. చేతిలో బ్లేడు కూడా తయారుగా ఉంది. ఊళ్ళో బ్లేడు లేనివాళ్ళే లేరు కాబోలు.

లోకంలో మనిషికి మనిషి మీద నమ్మకం పోయింది. సీలు వేసేది నమ్మడానికే కదా? నమ్మనివాడికి సీలెందుకు?

మా ఆవిడతో, ఇంకా లేవలేదు అన్నాను.

మార్చి 15, ఆదివారం

నన్ను కిందికి లాక్కెళ్ళింది, షాపు చూద్దురు రండి అని. వాచీల ముసలాయన అప్పటికే సగం సర్దేశాడు. ఆయనకి మా ఆవిడంటే అభిమానం. తాళంచెవి ఇచ్చి, చూసుకోమ్మా అని టీకి వెళ్ళాడు.

టేపు ఒక కొస నన్ను పట్టుకోమంది. కొలిచి, సుద్దముక్కతో నేల మీద గీసింది. ఇది మిషను. ఇది ఇస్త్రీ బల్ల. ఇది తొడుక్కుని చూసుకునే గది, ఇక్కడ తెర, ఇక్కడ నిలువుటద్దం. వీధివైపు అద్దాల కిటికీలో కుట్టిన గౌను ఒకటి వేలాడదీస్తుందట, వారానికొకటి మారుస్తుందట. నేను సుద్దగీతలు దాటుకుంటూ నడవబోతే, "గోడలోంచి నడుస్తున్నారు!" అని చొక్కా పట్టి లాగింది.

"అక్కడ నిలబడండి. మీరు కస్టమరు."

"ఏం చెయ్యాలి?"

"ఏమన్నా అడగండి."

"జేబు చిరిగిందమ్మా, కుట్టి పెడతావా?"

"ఎల్లుండి రండి. ఇవాళ చాలా రష్‌గా ఉంది," అంది మొహం గంభీరంగా పెట్టి. పెట్టి, ఆపుకోలేక పకపకా నవ్వేసింది.

ఈ ఇంటికొచ్చాక ఆవిడ అంత గట్టిగా నవ్వడం ఎప్పుడు విన్నానో గుర్తు లేదు. మా ఇంట్లో గట్టిగా నవ్వితే పక్క పోర్షను వాళ్ళు గోడ మీద కొడతారు.

ధర ఎలా ఉందని అడిగింది మెట్లెక్కుతూ. చూడాలి అన్నాను.

అమ్మేస్తాను. ఈ వారమే. కోస్తే కోసుకోనీ.

మార్చి 16

కొయ్యనివ్వను. మూడేళ్ళు కాపాడింది వాడెవడో కొయ్యడానికా?

మార్చి 17, మంగళవారం

బావమరిది వచ్చాడు. అక్క చెప్పిందట. అడ్వాన్సుకి తను సర్దుతానన్నాడు. "ధర లేచాక అమ్ముకుని ఇద్దువు గానీ బావా. నాకేం తొందర లేదు."

చెప్పిన పద్ధతి బాగానే ఉంది. అదే నాకు గిట్టలేదు. నిన్నటిదాకా బిళ్ళలని ఎగతాళి చేసినవాడు ఇవాళ నాకు అప్పిచ్చేంత పెద్దవాడయ్యాడా!

"ఇంట్లో ఇంత వెండి పెట్టుకుని ఒకళ్ళ దగ్గర చెయ్యి చాపాల్సిన ఖర్మ నాకు పట్టలేదు," అన్నాను.

"ఒకళ్ళేంటండీ, వాడు నా తమ్ముడు," అంది మా ఆవిడ.

"అందుకే వద్దంటున్నా."

వాడు టీ సగంలో వదిలేసి లేచాడు. ఆవిడ కింద దాకా సాగనంపడానికి వెళ్ళి చాలాసేపటికి వచ్చింది. వచ్చి, కప్పులు తీసింది. ఒక్క మాట అనలేదు. అనుంటే నాకూ నాలుగు జవాబులు తయారుగా ఉన్నాయి.

మార్చి 20, శుక్రవారం

మాస్టారి బిల్డింగు లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయిందని ఫోను. వెళ్ళి తలుపు తెరిచి చూస్తే లోపల మాస్టారే. మోకాళ్ళ దాకా కనబడుతున్నాడు.

"నువ్వేనా? ఆ, నీకు చెప్పాలనుకుంటున్నా. నావి విప్పించేశానోయ్!" అన్నాయి ఆ మోకాళ్ళు. మనిషి లిఫ్టులో ఇరుక్కుని కూడా అదే సంగతి.

"ఏవి?"

"ట్యూబులోయ్! తెల్లకోటు దగ్గరే. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, ఇంక నా వల్ల కాక కోయించేశా. అన్నీ సలక్షణంగా ఉన్నాయి. సగం అమ్మేశా కూడా. పూర్తి ధర ఇచ్చాడు పాపం. నీవీ కోయించెయ్యి, హాయిగా ఉంటుంది."

నేను ఆయన్ని దింపకుండా కాసేపు అలాగే నిలబడ్డాను. కావాలని కాదు. చేతిలో తాళం ఎందుకో తిరగలేదు.

ఆయనవి బాగున్నాయంటే నావి బాగోలేవనే అర్థం. ఎందుకంటే ఎప్పుడూ అంతే. ఆయన కొన్న వారం తర్వాత కొన్నాను నేను. ఆ వారంలోనే మారి ఉంటుంది సరుకు. బడిలో మార్కుల దగ్గర్నుంచి చూస్తున్నాను, పక్కవాడికి మంచిది వచ్చాక నా దాకా వచ్చేసరికి అయిపోతుంది. అంత డబ్బు, ఆవిడ వేళ్ళు పొడుచుకుని కుట్టిన డబ్బు, ఇత్తడి అని తెల్లకోటు ఎదురుగా తేలితే నేను ఆ కుర్చీలోంచి ఎలా లేవాలి? ఇంటికి ఎలా రావాలి?

సీలు ఉంటే అది వెండి. అంతవరకూ ఎవడూ కాదనలేడు.

మార్చి 23, సోమవారం

మా ఆవిడ మిషను ఆపింది. ఆపితే ఇల్లంతా తెలుస్తుంది.

"ఏమండీ, ఎల్లుండే ఆఖరు. పడిపోయిన ధరకైనా అమ్మెయ్యండి. నష్టమొస్తే నా వాటాలో కోసుకోండి."

"వాటాలేంటే మధ్యలో?"

"నాకా షాపు కావాలండీ," అంది. అంతే. బతిమాలుతున్నట్టు లేదు, పోట్లాడుతున్నట్టు లేదు. పన్నెండేళ్ళలో ఆవిడ నన్ను ఏదైనా కావాలని అడగడం నేను వినలేదు.

అయినా ఏమన్నాను? "వెండి గురించి నీకేం తెలుసు!" అని అరిచాను. పక్క పోర్షను వాళ్ళు గోడ మీద కొట్టారు.

మార్చి 24

సంచీలో ట్యూబులు పెట్టుకుని బయల్దేరాను. బస్సు కిటకిటలాడుతోంది. ఒక స్టాపు ముందే దిగిపోయాను. బెంచీ మీద కూర్చున్నాను. వచ్చేశాను.

మార్చి 25

ఇవాళ లిఫ్టుల పని ఎక్కువైంది. అన్ని లిఫ్టులూ ఇవాళే చెడిపోవాలా.

మార్చి 26, గురువారం

షాపు ఫోను కవర్ల కుర్రాడికి ఇచ్చేశారు.

నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మా ఆవిడ కింద షాపులో ఉంది, చేతిలో తడిగుడ్డ. వంగి సుద్దగీతలు తుడుస్తోంది. ఆ కుర్రాడు పక్కన నిలబడి, "ఎందుకు ఆంటీ, నేను తుడుచుకుంటా" అంటున్నాడు. "నేను గీసినవి బాబూ, నేనే తుడవాలిగా" అంది.

నన్ను చూసింది. "పదండి, వస్తున్నా. టీ ఫ్లాస్కులో ఉంది," అంది.

నేను పైకొచ్చి టీ తాగాను. ఏం చెప్పను నా మొహం.

మార్చి 28

నాతో బాగానే మాట్లాడుతోంది. తిన్నారా. లైటు తీసెయ్యనా. చొక్కా గుండీ ఊడింది, ఇలా ఇవ్వండి. తిట్టొచ్చు కదా! గిన్నె విసిరికొట్టొచ్చు కదా! కస్టమరుతో మాట్లాడినట్టు మాట్లాడుతోంది నాతో. నిన్న ఒకావిడ గౌను తీసుకెళ్ళడానికొచ్చి, షాపు ఏమైందమ్మా అని అడిగితే, "కుదర్లేదండీ" అంది. అంతే అంది. నేను బాత్రూమ్‌లో చొక్కా మార్చుకుంటూ విన్నాను.

మార్చి 30, సోమవారం

మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాను. మా ఆవిడ దారాలు కొనడానికి వెళ్ళింది. ఇల్లు ఖాళీగా ఉంది. చలికోట్ల పెట్టె తెరిచి నాలుగు ట్యూబులూ మంచం మీద పడేశాను. ఎందుకో వాటిని చూస్తే అరికాలి మంట నెత్తికెక్కింది. మీ మూలంగానే కదా ఇదంతా! అనుకుని, మిషను మీదున్న కుట్లు విప్పే కత్తి తీసుకుని మొదటిదాని సీలు పరపరా కోసేశాను. ఆగలేదు. నాలుగూ కోసేశాను.

దుప్పటి నిండా నాణేలు. మెరుస్తున్నాయి. మూడేళ్ళలో మొదటిసారి చూడటం. మధ్యలో ఉన్నవే ఏరి, ఒక్కో ట్యూబులోంచి రెండేసి, జేబులో వేసుకుని వీధి చివర వెండిపని చేసే ఆయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన రాయి మీద గీసి యాసిడ్ చుక్క వేశాడు. ఇంకోటి గీశాడు. ఎనిమిదీ గీశాడు.

"వెండేనయ్యా. మేలిరకం. ఎందుకంత చెమటలు?"

"అన్నీనా?"

"అన్నీను."

ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేదు. వస్తూ మెట్ల మీద కూలబడ్డాను. కింద షాపులో ఆ కుర్రాడు గోడ నిండా మేకులు కొట్టి ఫోను కవర్లు తగిలిస్తున్నాడు. ఆవిడ నిలువుటద్దం పెడతానన్న చోట పసుప్పచ్చ కుక్కపిల్ల బొమ్మల కవర్లు.

అసలు వెండి. నేను ఆ రోజు ఆ బ్లేడుకి చెయ్యి అడ్డం పెట్టకపోతే, పదో తారీకు మధ్యాహ్నానికల్లా షాపు ఆవిడదే. ఇత్తడైతే బాగుండేది. దేవుడా, ఇత్తడైనా బాగుండేది. ఇత్తడైతే నేను మోసపోయినవాణ్ణి. మోసపోయినవాడి మీద ఎవరికైనా జాలి కలుగుతుంది. ఇప్పుడు నేనేంటి?

పైకెళ్ళేసరికి ఆవిడ వచ్చేసి ఉంది. గుమ్మంలో దారాల పొట్లంతో నిలబడి మంచం వంక చూస్తోంది. కోసిన పట్టీలు, ఖాళీ ట్యూబులు, నాణేలు.

"ఏమైందండీ?"

"మోసపోయామే," అన్నాను.

అంది నేనే. ఎవరూ ఆ మాట నా నోట్లో పెట్టలేదు.

"నకిలీవి. ఇప్పుడే చూపించుకొస్తున్నా. అన్నీ నకిలీవి."

పొట్లం కింద పెట్టింది. వచ్చి నాణేల మధ్యలోనే కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని, "అందుకా?" అంది. "ఇదా సంగతి! ఈ అనుమానం లోపల పెట్టుకుని తిరుగుతున్నారా ఇన్నాళ్ళూ?"

తలూపాను. అది అబద్ధం కాదు కదా.

"నాతో ఒక్క ముక్క చెప్తే ఏం పోయింది? నేనేమనుకున్నానో తెలుసా? మీకు నేను షాపు పెట్టడం ఇష్టం లేదేమో అనుకున్నా. అది చెప్పలేక ధర, ధర అంటున్నారేమో అనుకున్నా. ఎంత కుమిలిపోయానో ఈ నాలుగు రోజులూ. డబ్బు పోతే పోయిందండీ. నేననుకున్నది కాదు కదా, అదే చాలు."

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆవిడ నా కళ్ళు తుడిచింది.

తర్వాత వంటింట్లోకెళ్ళి నాకు రెండు గుడ్లు వేసి పెట్టింది. ఎదురుగా కూర్చుని తినమంది. తిన్నాను. ఈ నెలలో ఇంత రుచిగా తిన్నది లేదు. సిగ్గు లేని జన్మ.

చెబుదామనుకున్నాను. రెండుసార్లు నోరు తెరిచాను. ఆవిడ వీపు మీద చెయ్యి వేసి, "ఇంక ఆలోచించకండి, పడుకోండి" అంది. ఏడాది పిల్లాణ్ణి ఊరుకోబెట్టినట్టు.

రేపు చెబుతాను.

మార్చి 31, మంగళవారం

లేచేసరికి ఆవిడ తయారై కూర్చుంది. మంచి బట్టలు కట్టుకుంది. నాణేలన్నీ తనే ఏరి, మందపాటి గుడ్డ సంచీ ఒకటి కుట్టి అందులో పోసి మూతి బిగించింది. ఎప్పుడు కుట్టిందో, మిషను చప్పుడే వినపడలేదు నాకు. అంత ఒళ్ళు మరిచి నిద్రపోయాను.

"ఎక్కడికి?"

"ఆ తెల్లకోటు దగ్గరికి. వాడి సంగతి ఇవాళ తేలుస్తా. మూడేళ్ళు మన నోటి దగ్గరి కూడు తిన్నాడు వెధవ."

"పోనీలేవే. వదిలేద్దాం," అన్నాను.

"వదిలెయ్యడమేంటండీ! మీరిలా మెత్తగా ఉండబట్టే వాడు మిమ్మల్ని ఎన్నుకున్నాడు. మీరేం మాట్లాడకండి. పక్కన నిలబడండి చాలు, నేను మాట్లాడతాను. అందరి ముందూ ఒక్కొక్కటీ పరీక్ష చేయిస్తా. ఎన్ని నకిలీవైతే అన్నిటికీ కట్టాల్సిందే."

తమ్ముడికి ఫోను చేసిందట. వాడు డ్యూటీ మార్చుకుని వచ్చి కింద నిలబడ్డాడు. వచ్చీ రాగానే నా భుజం తట్టాడు. "ఏం బాధపడకు బావా. అందరం మోసపోతాం. నేను బిళ్ళలని నవ్వాను చూడు, నన్ను చెప్పుచ్చుకు కొట్టు," అన్నాడు. నిజంగానే అన్నాడు. మాస్టారికి కూడా కబురు పెట్టింది, సాక్ష్యానికి. ఆయన సరాసరి షాపు దగ్గరికే వచ్చేస్తానన్నాట్ట. తనకి పూర్తి ధర ఇచ్చి నాకు ఇత్తడి అంటగట్టాడని ఆయన అగ్గి మీద గుగ్గిలమవుతున్నాట్ట.

రసీదులు వెతుకుతానని చెప్పి గదిలోకొచ్చి తలుపు వేసుకున్నాను. రసీదులు జేబులోనే ఉన్నాయి.

తెల్లకోటు కూర్చోమంటాడు. మంచినీళ్ళిస్తాడు. మా ఆవిడ కూర్చోదు, తాగదు. అనాల్సిన మాటలన్నీ అంటుంది, నా తరఫున, నా మీద ఈగ వాలనివ్వకుండా. వాడు తొడుగులు తొడుక్కుని ఒక నాణెం తీస్తాడు. గీస్తాడు. చుక్క వేస్తాడు. ఇంకోటి తీస్తాడు. ఆఖరికి తల ఎత్తి, నా వైపు చూడడు, ఆవిడ వైపే చూసి, "అసలైన వెండేనమ్మా. నకిలీవని మీకెవరు చెప్పారు?" అంటాడు.

ఇప్పుడే చెప్పెయ్యొచ్చు. ఈ తలుపు తీస్తే ఆవిడ అవతలే ఉంది. ఒక్క మాట.

"ఏమండీ, దొరికాయా? తమ్ముడు ఎదురుచూస్తున్నాడు. వస్తున్నారా?"

వస్తున్నా అన్నాను.